కోటు మావయ్య జ్యూసు దీక్ష

మా మావయ్య పొద్దున్నే లేచి, ముఖం కూడా కడుక్కోకముందే నడుము కొలుచుకునేవాడు. మంచం పక్కన మేకుకు వేలాడే టేపు తీసి, బొడ్డు మీదుగా చుట్టి, ఊపిరి బిగబట్టి, కొస వచ్చి ఆగిన చోట బొటనవేలితో తడిమేవాడు. కళ్లతో చూసేవాడు కాదు. చూసినా అంకెలు కనిపించేవి కావు. అందుకని టేపు మీద ముప్పై ఆరు దగ్గర ఒకటి, ముప్పై ఎనిమిది దగ్గర రెండు, నలభై దగ్గర మూడు, నలభై రెండు దగ్గర నాలుగు దారపు ముడులు వేసి పెట్టుకున్నాడు. ముడులు తడిమి, వంటగదిలోకి వినపడేలా "నలభై రెండు!" అని అరిచేవాడు. "సరే!" అనేది అత్తయ్య. ఆ కేకా ఆ జవాబూ వినపడకపోతే పక్కవాటా వాళ్లు ఆ రోజు సెలవనుకునేవాళ్లు.

కోర్టు వీధిలో, ఒక మేడమెట్ల కింద ఉన్న పొడుగాటి గదిలో ఆయన ముప్పై ఎనిమిదేళ్లుగా లాయర్ల నల్లకోట్లు కుడుతున్నాడు. కోర్టులో ఎదుటివాడికి సందివ్వని లాయరు కూడా ఆయన ముందు చేతులు చాచి, నోరు మూసుకుని నిలబడాల్సిందే. ఒకసారి ఒక జడ్జిగారితోనే, "ఊపిరి వదిలేయండి, పొట్ట దాచుకుంటే రేపు కోటే బయటపెడుతుంది" అన్నాడట. జడ్జిగారు వదిలేశారట. వీధిలో అందరికీ ఆయన కోటు మావయ్య. నాకు మాత్రం సొంత మావయ్యే, మా అమ్మకు అన్న. సెలవుల్లో నేను ఆ గది చివర కిటికీ దగ్గర కూర్చుని గుండీలు కుట్టేదాన్ని. ఆయన కొలతలు చెబుతుంటే పుస్తకంలో రాసేదాన్ని. అత్తయ్య మిషన్ మీద ఉండేది. కత్తెర మాత్రం ఆయనది. దాన్ని ఇంకొకరు ముట్టుకోగా నేను చూడలేదు.

ఆ కత్తెరకే ముప్పు వచ్చింది. ఆయనకు పదకొండేళ్లుగా షుగరు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. నల్లబట్ట మీద తెల్లసుద్దతో గీసిన గీత కూడా ఆయనకు పొగలో పొగలాగే కనిపించేది. ఒక లాయరు కోటుకు ఒక చెయ్యి నలుపూ, ఇంకో చెయ్యి ముదురు నీలమూ పడ్డాయి. ఆ లాయరు అది వేసుకుని రెండు వారాలు వాదించి కేసు గెలిచాడు. విప్పి బాగుచేసి ఇస్తానంటే, "వద్దు మావయ్యా, కలిసొచ్చిన కోటు" అని పట్టుకుపోయాడు. అలాంటి అదృష్టం ప్రతి కోటుకూ పట్టదు కదా.

కంటి డాక్టరు తేల్చి చెప్పేశాడు. "మీ షుగరు మూడు నెలల సగటు పదిన్నర ఉంది. ఎనిమిదికి దిగితేనే ఆపరేషన్. దిగకుండా చేస్తే పుండు మానదు. మూడు నెలలు టైమిస్తున్నాను. అప్పటిదాకా నేను కత్తి పట్టను."

"మీరు కత్తి పట్టకపోతే నేను కత్తెర పట్టలేనండీ," అన్నాడు మావయ్య.

ఇంటికొచ్చాక ఆ మాటే అత్తయ్యతో ఇంకోలా చెప్పాడు. "మూడు నెలల తరవాత కూడా కళ్లు ఇలాగే ఉంటే దుకాణం మూసేస్తాను. కోటు కత్తిరించలేని వాడు కోటు దుకాణంలో కూర్చుంటే, గుండీ ఊడిన చోట మిగిలిన దారంలా ఉంటుంది." అత్తయ్య వినీ విననట్టు పొయ్యి దగ్గరికి వెళ్లింది.

సరిగ్గా ఆ వారమే బీమా ఆయన మూడోసారి వచ్చాడు.

బీమా ఆయనంటే పై వీధిలోని బీమా ఆఫీసులో గుమస్తా. మెత్తటి మనిషి, చెప్పులు కూడా చప్పుడు చేయకుండా విప్పుతాడు. నెలన్నరగా, పొద్దున్నే ఆఫీసుకు వెళ్తూ ఒక పాంటు తెచ్చి బల్ల మీద పెట్టి, "నడుం దగ్గర గుండుసూది పెట్టానండీ, అక్కడికి కుట్టేయండి చాలు" అని వెళ్లిపోయేవాడు. మొదటిసారి రెండంగుళాలు లోపలికి తీయాల్సి వచ్చింది. రెండోసారి మూడు. ఈసారి నాలుగు. మావయ్య వేళ్లతో తడిమి కూడుకున్నాడు. మొత్తం తొమ్మిది.

"ఏవండీ, ఒంట్లో బాగుంటోందా?" అని అడిగాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ."

"మరి ఆరు వారాల్లో తొమ్మిదంగుళాలు ఎక్కడికి పోయాయి?"

బీమా ఆయన అటూ ఇటూ చూశాడు. ట్రయల్ కోసం వచ్చిన ఇద్దరు లాయర్లు చెవులు రిక్కించి కూర్చున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "జ్యూసులండీ," అన్నాడు.

"జ్యూసులా?"

"ఆఁ. అన్నం మానేసి జ్యూసులే. రోజుకు ఏడు గ్లాసులు. ఏడు రోజులు."

"షుగరు కూడా తగ్గుతుందంటారా?"

"తగ్గకేమండీ," అన్నాడు బీమా ఆయన, అప్పటికే గుమ్మం దాటుతూ. "అన్నీ తగ్గుతాయి."

ఆ రాత్రి భోజనాల దగ్గర మావయ్య తన నిర్ణయం ప్రకటించాడు. రేపటి నుంచి జ్యూసులే. నడుము రెండంగుళాలు దిగేదాకా పళ్ల కింద ఏదీ నలగదు.

"షుగరు డాక్టరమ్మని ఒక్క మాట అడుగుదాం," అంది అత్తయ్య.

"డాక్టరమ్మ కాగితం చూపిస్తుంది. ఆయన పాంటు చూపించాడు. కాగితం అబద్ధం చెప్పొచ్చు. పాంటు చెప్పదు."

"నడుముకూ షుగరుకూ ఏం సంబంధం?"

"బట్ట తడిస్తే నూలు తడవదూ? అన్నీ ఒకదాంట్లోవే."

నిజానికి ఆయన్ని తప్పుపట్టలేం. ముప్పై ఎనిమిదేళ్లుగా మనుషులు ఆయనకు చెప్పినవన్నీ అబద్ధాలే. నేను లావు కాలేదు, ఇది పాత కోటు బిగుసుకుపోయింది, భోజనం చేసి వచ్చాను అందుకే పొట్ట. ఆయన చేతికి నిజం చెప్పింది ఎప్పుడూ బట్టే.

దీక్ష మొదలైంది. ఏడు గ్లాసులకు ఏడు రంగులు ఉండాలని మావయ్యే నిర్ణయించాడు. ఏ రంగు ఎంత చిక్కగా ఉండాలో మాత్రం బీమా ఆయన చెప్పలేదు. అందుకని దుకాణంలోని దారపు రీళ్ల డబ్బా దింపాడు. కోటుకు దారం రంగు కలపడం ఆయనకు ప్రాణం. రంగు ఒక పిసరు తేడా వస్తే కుట్టంతా విప్పించేవాడు. ఇప్పుడు తనకు రంగులు తెలియడం లేదు గనక ఆ పని నా మీద పడింది. ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో రీలు పట్టుకుని కిటికీ వెలుగులో నిలబడేదాన్ని.

"నూట పద్నాలుగో నంబరు నారింజకు కలిసిందా?"

"కొంచెం లేతగా ఉంది మావయ్యా."

"ఇంకో మూడు కమలాలు పిండు."

"ఇప్పుడు కలిసింది."

"నల్లది?"

"ద్రాక్ష ఊదాగానే ఉంది. నల్లగా రావట్లేదు."

"కోటుకు నలుపే కదా ముఖ్యం! ఇంకో అరకిలో వెయ్యి."

అలా రంగు ముదిరేకొద్దీ పళ్లు పెరిగాయి. ఒక్కో గ్లాసులో ఆరేసి కమలాలు, ఐదేసి ఆపిల్సు, ఒక బుట్టెడు ద్రాక్ష. పొద్దున, రాత్రి వేసుకునే మాత్రలు మాత్రం మానకుండా వేసుకున్నాడు. ఆ విషయంలో క్రమశిక్షణ ఉన్న మనిషి. మిగిలిన పిప్పిని పారేయడానికి అత్తయ్యకు మనసొప్పలేదు. ఉడికించిన సెనగల్లో కలుపుకుని, ఆకుకూరతో తానే తినేది. "వారం రోజులు మీకు రసం, నాకు పిప్పి. పెళ్లైన దగ్గర్నుంచీ అంతేగా," అంది.

రెండో రోజుకు మావయ్యకు దాహం పట్టుకుంది. జ్యూసు తాగితే దాహం, దాహానికి ఇంకో జ్యూసు. మెట్ల వెనక మరుగుదొడ్డికి గంటకు రెండుసార్లు వెళ్లేవాడు. లాయర్లు ఒంటినిండా గుండుసూదులతో, చేతులు చాచి, మధ్యలో వదిలేసిన బొమ్మల్లా నిలబడి ఉండేవాళ్లు. "వాయిదా వేశాడు," అనుకునేవాళ్లు తమలో తాము.

మూడో రోజు అత్తయ్య ఆయన్ని చెయ్యి పట్టుకుని ల్యాబుకు లాక్కెళ్లింది. మూడువందల ముప్పై ఎనిమిది.

"వాళ్ల మిషన్ పాతది," అన్నాడు మావయ్య.

"మీ టేపు కొత్తదా?"

"టేపు నా చేతిలో ఉంది. నడుము దిగేదాకా ఆపను. మాట మాటే."

నడుము దిగలేదు. ఆ మర్నాడు పొద్దున కూడా "నలభై రెండు" అనే అరిచాడు. అత్తయ్య "సరే" అనలేదు. ఆయన స్నానానికి వెళ్లగానే సూది, దారం, టేపు పట్టుకుని వంటగదిలో తలుపు వేసుకుంది. ముడులన్నీ విప్పి, ఒక్కోదాన్నీ రెండంగుళాలు అవతలికి జరిపి వేసింది. మూడు ముడులు నలభై రెండు మీదికి వచ్చాయి. ఆవిడ లెక్క తేలికైనది. రెండంగుళాలు దిగితే దీక్ష మానేస్తానన్నాడు, కాబట్టి దింపితే మానేస్తాడు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున మేకు మీంచి టేపు తీసిన మావయ్య నడుముకు చుట్టి ముడులు తడిమాడట. మళ్లీ తడిమి, మళ్లీ తడిమి, "నలభై!" అని అరిచాడట. పక్కవాటా తలుపు తెరుచుకుంది.

"సరే! ఇంక టిఫిను చేద్దాం రండి," అంది అత్తయ్య సంబరంగా.

"టిఫినా? పిచ్చిదానా! ఐదు రోజుల్లో రెండంగుళాలు దిగితే పద్నాలుగు రోజుల్లో ఎంత దిగుతుంది? కంటి డాక్టరు నోరు వెళ్లబెట్టాలి. పద్నాలుగు రోజులు చేస్తాను!"

అత్తయ్య తలుపు చెక్కకు ఆనుకుని నిలబడిపోయింది.

పాంటు మాత్రం ఎప్పటిలాగే బిగుతుగా ఉంది. మావయ్య దానికీ కారణం కనిపెట్టాడు. నడుము తగ్గింది కాబట్టి పాంటు వదులవ్వాలి. అవలేదంటే పాంటు బట్ట ముడుచుకుపోయింది. ఆ బట్టల మిల్లును ఆ పూటంతా తిట్టాడు.

అదే టేపు మెడలో వేసుకుని దుకాణానికి వచ్చి, దాంతోనే ఆయన ఆ రోజు ముగ్గురు లాయర్లకు కోట్లు కొలిచాడు. నలభై రెండు ఛాతీ ఉన్నవాళ్లకు "నలభై" అని చెప్పాడు, నేను రాసుకున్నాను. సాయంత్రానికి, తరవాత విప్పేసే పచ్చికుట్టుతో ట్రయల్. మొదటి లాయరు కోటు వేసుకుని గుండీ పెట్టబోతే రెండు అంచులూ ఒకదాన్నొకటి చూడనైనా చూడలేదు.

"మావయ్యా, బిగుతుగా ఉందే?"

"పొద్దున కొలిచినప్పుడు నలభై. ఇప్పుడు గుండీ దగ్గర రెండంగుళాలు చాలడం లేదు. మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"మామూలే..."

"ఒక్క భోజనానికి రెండంగుళాలు పెరిగారు. బాబూ, ఆలోచించుకోండి. నేను చూడండి, జ్యూసులతో దిగాను."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయన తన పొట్ట మీద చెయ్యి వేసుకుని భయపడ్డాడు కూడా. మర్నాడు పొద్దున్న ముగ్గురూ సీసాల్లో జ్యూసులు పట్టుకునే కోర్టుకు వెళ్లారు. ఆ రోజు వాళ్లలో ఒక స్థలం కేసు వాదిస్తున్న లాయరు మూడుసార్లు బయటికి వెళ్లి రావాల్సి వచ్చి, జడ్జిగారు విసుగెత్తి కేసు వచ్చే నెలకు వాయిదా వేశారని విన్నాం.

అదే ఆరో రోజు. పొద్దున్నే కరెంటు పోయింది. మిక్సీ తిరగలేదు. మావయ్య మాత్రలు అప్పటికే వేసేసుకున్నాడు.

"కమలా వలిచి ఇస్తాను, తినండి," అంది అత్తయ్య.

"దీక్షలో నమలకూడదు."

"నమలొద్దు, చప్పరించండి."

"మోసం. కరెంటు వచ్చాక తాగుతాను."

కరెంటు మధ్యాహ్నం దాకా రాలేదు. ఆయన ఖాళీ కడుపుతో ఒక కోటు కత్తిరించడం మొదలుపెట్టాడు. నేను గుండీలు కుడుతూ మధ్యలో తల ఎత్తి చూశాను. బల్ల మీద రెండు చేతులు కత్తిరించి పెట్టి ఉన్నాయి. ఆయన మూడో చెయ్యి కత్తిరిస్తున్నాడు. చొక్కా వీపు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కత్తెర బల్లను తాకి టకటకమంటోంది.

"మావయ్యా, మూడో చెయ్యి ఎవరికి?"

"లాయరుకి," అన్నాడు. "కాగితాలు పట్టుకోవడానికి పనికొస్తుంది." అని కుర్చీ ఉందనుకుని, లేని చోట కూర్చున్నాడు.

అత్తయ్య మిషన్ మీంచి ఒక్క గెంతు గెంతింది. గ్లాసులో నీళ్లు పోసి నాలుగు చెంచాల పంచదార కలిపి నోటి దగ్గర పెట్టింది. మావయ్య కింద కూర్చునే మొహం తిప్పుకున్నాడు. "నాకు షుగరే! పంచదార ఇస్తావా?"

"నోరు మూసుకుని తాగండి!" అంది అత్తయ్య. ఆవిడ ఆయన్ని అలా అనడం నేను మొదటిసారి వినడం. ఆయన తాగాడు.

ఆసుపత్రి సందు చివరే. అక్కడ నర్సు వేలు పొడిచి చూస్తే, పంచదార నీళ్లు తాగాక కూడా అరవై రెండు. షుగరు డాక్టరమ్మ కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చుంది. పెద్దావిడ, తొందర లేని మనిషి. బల్ల మీద పడుకున్న మావయ్యకు అప్పటికి కాస్త తెలివి వచ్చింది.

"మూడువందల ముప్పై ఎనిమిది నుంచి అరవై రెండుకి వచ్చానండీ," అన్నాడు గర్వంగా. "మూడు రోజుల్లో. చూశారా, తగ్గింది."

"ఇంకొంచెం తగ్గితే మిమ్మల్ని కొలవాల్సింది నేను కాదు, పాడె కట్టేవాడు," అంది డాక్టరమ్మ. "ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదండీ. జ్యూసులే."

"గ్లాసుకు ఎన్ని కమలాలు?"

"ఆరు. రంగు కలవాలి కదండీ."

డాక్టరమ్మ రంగు సంగతి అడగలేదు. "ఒకేసారి ఆరు కమలాలు వలుచుకుని తినగలరా?"

"ఎవరు తింటారండీ అన్ని!"

"తాగారుగా. నమిలి తింటే రెండోదానికే కడుపు చాలంటుంది, అదీ మెల్లగా అరుగుతుంది. పిండేసి తాగితే చక్కెరంతా ఒక్కసారే నెత్తురులోకి దూకుతుంది. అందుకే మూడువందలు దాటింది. ఈ రోజేమో మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకున్నారు. మాత్ర దాని పని అది చేసుకుపోయింది. అందుకే పడిపోయారు. పిప్పి ఏం చేశారు?"

"నేను తిన్నానండీ," అంది అత్తయ్య మెల్లగా. "సెనగల్లో కలుపుకుని."

"మీ ఇంట్లో సరిగ్గా తిన్నది మీరొక్కరే," అంది డాక్టరమ్మ.

మావయ్య కప్పు వైపు చూస్తూ ఆలోచించాడు. కోటు ఛాతీలో, పైబట్టకూ లోపలి గుడ్డకూ మధ్య గట్టి కాన్వాసు ముక్క వేస్తారు. బయటికి కనిపించదు. అది లేకపోతే ఎంత మంచి బట్టయినా రెండు రోజుల్లో పీనుగలా వేలాడిపోతుంది.

"అంటే," అన్నాడు, "నేను వారంనుంచీ కాన్వాసు తీసి పారేసి కోటు కుడుతున్నానన్నమాట."

"అదేమిటో నాకు తెలీదు. కానీ మీ మొహం చూస్తే మీకు అర్థమైనట్టుంది," అంది డాక్టరమ్మ. కాగితం మీద రాసిచ్చింది. చిక్కుళ్లు, సెనగలు, ఆకుకూరలు, ముడిబియ్యం కొద్దిగా, పండైతే పండులాగే. మాంసం, పాలు మానేసి కూరగాయల మీదే ఉంటానంటే ఉండొచ్చు, కాకపోతే బి12 పరీక్ష చేయిస్తానంది. మాత్రలు మార్చింది. "నాకు చెప్పకుండా ఒక్క మాత్ర ఆపకూడదు, ఒక్క పూట మానకూడదు. ఉపవాసాలు అసలే వద్దు."

"కానీ నడుము రెండంగుళాలు దిగిందండీ," అన్నాడు మావయ్య. ఆఖరి ఆశ.

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. "దిగలేదు. ముడులు నేనే జరిపాను."

మావయ్య ఆవిడ వైపు తల తిప్పాడు.

"ఎంత?"

"రెండంగుళాలు. మీరు మానేస్తారని."

"అన్ని ముడులూనా?"

"అన్నీ."

మావయ్య లేచి కూర్చున్నాడు. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను. ఉన్నది భయం. "మరి లాయర్లు?" అన్నాడు.

ఆ సాయంత్రమే నన్ను ముగ్గురి దగ్గరికీ పంపాడు. జ్యూసులు మానేయమనీ, వాళ్లు లావెక్కలేదనీ, టేపు కొంచెం చిక్కిందనీ చెప్పమన్నాడు. ఇద్దరు ఊపిరి పీల్చుకున్నారు. మూడో ఆయన మాత్రం నమ్మలేదు. "మీ మావయ్య మర్యాదకు అంటున్నాడమ్మా," అన్నాడు, "నాకు తెలుసు నా సంగతి."

మర్నాడు పొద్దున బీమా ఆయన నాలుగో పాంటుతో వచ్చాడు. జరిగింది వినగానే పాంటు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"నా వల్లే," అన్నాడు. "నేను ఒక్క అంగుళం కూడా తగ్గలేదండీ. పుట్టినప్పటి నుంచీ ఇంతే."

"మరి ఆ పాంటు?"

"పాంటు కాదండీ, పాంట్లు. మా బావగారివి. ఆయన పెద్దపెద్ద కొలువులు చేసి రిటైరయ్యారు. ఆఫీసు బట్టలు పారేయడం ఎందుకని మా అక్క నాకిస్తోంది. ముందు ఆయన కుర్రతనంలోవి ఇచ్చింది, తరవాత మధ్యవయసువి, ఇప్పుడు రిటైరయ్యే నాటివి. ఆయన ఏటేటా లావయ్యాడు. ఇంకొకరి పాతబట్టలు వేసుకుంటున్నానని లాయర్ల ముందు ఎలా చెప్పనండీ? నోటికొచ్చింది చెప్పాను. ఆ పూట నేను జ్యూసు తాగి వచ్చాను, అదే నోటికొచ్చింది."

నాకు నవ్వొచ్చింది. కానీ మావయ్య నవ్వలేదు. ఆయన ఆ నాలుగో పాంటును అందుకుని వేళ్ల మధ్య నలిపి చూస్తున్నాడు.

"మూడూ వేరు వేరా?"

"వేరేనండీ. ఒకటి గోధుమ రంగు. ఒకటి బూడిద. ఒకటి ముదురాకుపచ్చ."

"నేను ఒకటే పాంటనుకున్నాను," అన్నాడు మావయ్య. "నాకు మూడూ నలుపే."

అత్తయ్య మిషన్ ఆగిపోయింది. "నేను కుట్టాను కదండీ మూడూ," అంది. "మీకు ఒకటిలా కనిపిస్తోందని నాకెవరు చెప్పారు?"

"నేనే ఎవరికీ చెప్పలేదు," అన్నాడు ఆయన. కత్తెర తీసి అత్తయ్య చేతిలో పెట్టాడు. "ఆపరేషన్ అయ్యేదాకా నువ్వు కత్తిరించు. నేను కొలతలు చెబుతాను. టేపు కూడా నువ్వే చదువు."

అత్తయ్య సుద్ద అందుకుంది. మొదటి కోటు కత్తిరించడానికి ఒక పూటంతా పట్టింది. దానికి రెండే చేతులు వచ్చాయి.

మిగిలిన పదకొండు వారాలు తిండి సంగతే. మావయ్య దాన్ని కూడా కోటులాగే కుట్టాడు. ప్రతి వంటకూ ట్రయల్. "చిక్కుళ్లు భుజం దగ్గర పట్టేస్తున్నాయి, కొంచెం ఉప్పు వదులు చెయ్యి," అనేవాడు. "ఈ ఆకుకూర లోపలి గుడ్డలా ఉంది, దీని పైబట్ట ఏదీ?" అనేవాడు. మొదటి పది రోజులు కడుపుబ్బరంతో దుకాణం తలుపులు రెండూ తీసి కూర్చోవాల్సి వచ్చింది. లాయర్లు ట్రయల్ పొద్దునపూట పెట్టించుకోవడం మొదలుపెట్టారు. బీమా ఆయన చేసిన పాపం కడుక్కోవడానికి ప్రతి మధ్యాహ్నం తన టిఫిను డబ్బాలో కూడా అవే ఉడికించిన సెనగలు తెచ్చుకుని మావయ్య పక్కన కూర్చుని తినేవాడు. పొద్దునా సాయంత్రం ఇద్దరూ కోర్టు చుట్టూ నడిచేవాళ్లు. మావయ్యకు అడుగు కనిపించని చోట, "మెట్టండీ" అని చెప్పడం ఆయన ఉద్యోగం. రెండు నెలలకు, పుట్టినప్పటి నుంచీ ఇంతే అన్న బీమా ఆయన నిజంగానే ఒకటిన్నర అంగుళం తగ్గాడు. బావగారి పాంట్లన్నీ మళ్లీ లోపలికి తీయాల్సి వచ్చింది. ఈసారి ఎవరు కారణమడిగినా ఆయన జవాబు చెప్పలేదు.

మావయ్య నడుము పెద్దగా మారలేదు. షుగరు మాత్రం దిగింది. మధ్యలో ఒకరోజు పక్షవాతం వచ్చినట్టు ఒక కేకు ముక్క ముందు కదలకుండా కూర్చున్నాడు. జడ్జిగారి గుమస్తా కూతురి పుట్టినరోజుది. సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి డాక్టరమ్మకు చూపించాడు, "ఇంత తిన్నాను" అని. ఆవిడ ఆ ముక్క తానే తినేసి, ఇంకెప్పుడూ సాక్ష్యాలు తేవద్దంది.

మూడు నెలలు నిండిన రోజు పరీక్ష కాగితం నేనే చదివాను. ఏడు పాయింటు ఎనిమిది. నన్ను మళ్లీ చదవమన్నాడు. తరవాత అత్తయ్యను చదవమన్నాడు. తరవాత వీధిలో పోతున్న ముక్కూమొహం తెలియని మనిషిని ఆపి చదివించాడు. ముగ్గురూ ఒకే మాట చెప్పాక ఒప్పుకున్నాడు.

కుడికంటికి ఆపరేషనై, కట్టు విప్పిన మర్నాడు దుకాణానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చాలాసేపు చూశాడు. గోడకు వేలాడే కోట్లలో ఐదింటికి కాలరు ఒక నలుపు, ఒళ్లు ఇంకో నలుపు. "ఇవన్నీ నేను కత్తిరించినవేనా?" అన్నాడు. అత్తయ్య తల ఊపింది. ఆ పక్కన వేలాడే రెండు కోట్లు పట్టుకుని వెలుగులోకి తెచ్చి, కుట్టు తిప్పి చూశాడు. చేతులు సమానంగా ఉన్నాయి. కాలరు ఒదిగి ఉంది.

"ఇవి?"

"నావి," అంది అత్తయ్య.

ఆయన ఆ రెంటినీ మళ్లీ వేలాడదీసి, పెట్టెలోంచి రెండో కత్తెర తీశాడు. ఎప్పుడో కొని వాడనిది. దాన్ని సాన పట్టించుకురమ్మని నాకిచ్చాడు.

ఇప్పుడు మావయ్యకు అరవై మూడేళ్లు. దుకాణంలో కటింగ్ బల్లకు రెండు వైపులా రెండు కత్తెర్లు ఉన్నాయి. ఎడమకంటికి ఆపరేషన్ వచ్చే గురువారం.